నాలుగో గుర్రానికి చోటు

"చాప ఎత్తి చూపించమంటే ఎత్తవేం?"

"ఎందుకమ్మా ఎత్తడం? పైన రబ్బరు చాప, కింద చెక్క. ఏ గుర్రాల ట్రైలర్‌లో అయినా అంతే."

"ఆ చెక్కే చూడాలంటున్నా."

"ఒక్కో చాప దున్నపోతంత బరువు. నా నడుం పట్టేస్తే నువ్వొచ్చి కాపడం పెడతావా?"

"నువ్వు పక్కకి జరుగు. నేనే ఎత్తుకుంటా."

"ఏయ్, నా బండి మీద చెయ్యెయ్యకు! కొంటే కొను, లేకపోతే వచ్చిన దారినే పో. ట్రైలర్‌ని వెనక్కి నడపడం కూడా రాదని ఇందాకే అన్నావ్. నువ్వా నాకు చెక్కల గురించి చెప్పేది?"

"వెనక్కి నడపడం రాదన్నాను. కళ్ళు లేవనలేదు."

ఈ గొడవ జరుగుతున్నప్పుడు నేను లైల్ దొడ్లో ఇంకో మూల అతని ట్రాక్టర్ కింద పడుకుని ఉన్నాను. అప్పట్లో టైర్ల షాపులో పని నాది. కాలేజీ మధ్యలో వదిలేసి వచ్చాక దొరికిన మూడో పనో, నాలుగో పనో. ఇక లైల్ సంగతంటారా, మా లోయ చుట్టుపక్కల చచ్చిన ప్రతి బండీ చివరికి అతని దొడ్లోకే వస్తుంది. కొత్త రంగు పూసుకుని మళ్ళీ బయటికి పోతుంది. ఆడమనిషి నాకు కనిపించలేదు గానీ గొంతు తెలిసింది. బడిలో భోజనాల వరసలో నిలబడినన్నాళ్ళూ ఆ గొంతు నాతో "క్యారెట్లు కూడా వేయించుకో, ఆ ఏడుపు మొహం పెట్టకు" అంటూనే ఉండేది. మిస్ ఆర్డిస్. మా బడి వంటామె.

బయటికొచ్చి చూశాను. అరవై దాటిన మనిషి, వంటింటి బూట్లతోనే వచ్చి ట్రైలర్‌లో మోకాళ్ళ మీద కూర్చుంది. చాప అంచు కింద వేళ్ళు దూర్చి లాగుతోంది. లైల్ చేతులు కట్టుకుని చూస్తున్నాడు. నా చేతిలో టైరు విప్పే కడ్డీ ఉంది. దాన్ని చాప కింద పెట్టి ఎత్తాను.

"నిన్నెవడు పిలిచాడ్రా?" అన్నాడు లైల్.

కింద చెక్క నల్లగా ఉంది. ఆర్డిస్ కోటు జేబులోంచి కూరలు తరిగే కత్తి తీసి మొన పెట్టి నొక్కింది. కేకులోకి దిగినట్టు పిడి దాకా దిగిపోయింది. ఏళ్ళ తరబడి గుర్రాల ఉచ్చ తాగిన చెక్క అది. పైనుంచి చూస్తే చాప బ్రహ్మాండంగా ఉంటుంది. గుర్రం ఎక్కి నిలబడుతుంది, బండి కదులుతుంది, ఎక్కడో దారిలో కాలు చెక్కలోంచి దిగి రోడ్డు మీద పడుతుంది. ముందు నడిపేవాడికి తెలియను కూడా తెలియదు.

"ఒక చెక్క పుచ్చిందంతే" అన్నాడు లైల్. "మార్చుకుంటే సరిపోతుంది."

"గుర్రం కాలు కూడా నువ్వే మార్చిస్తావా?"

నేను నవ్వాను. లైల్ ఆ సాయంత్రమే మా షాపు యజమానికి ఫోన్ చేసి నా మీద చెప్పాడు. ఆర్డిస్ మాత్రం నవ్వలేదు. కత్తి కోటుకి తుడుచుకుని, "నీకు వీటి గురించి తెలుసా?" అంది.

"టైర్లూ బ్రేకులూ తెలుసు. చిన్నప్పుడు మా మామయ్య దగ్గర పశువుల ట్రైలర్ నడిపాను."

"ఆదివారం ఖాళీయేనా?"

అలా మొదలైంది. ఆ వసంతమంతా ఆదివారాలు ఆమెతో పాత ట్రైలర్లు చూస్తూ తిరిగాను.

ఆమెకి ట్రైలర్ ఎందుకో లోయలో అందరికీ తెలుసు. మా లోయలోకి ఒకటే రోడ్డు. పైన కొండ దగ్గర మొదలై, వాగు పక్కనే దిగి, కింద హైవేలో కలుస్తుంది. వేసవిలో ఎండుగడ్డి అగ్గిపెట్టెలా ఉంటుంది. అందరికీ గుర్రాలున్నాయి గానీ, వాటిని ఎక్కించి బండి వెనక లాక్కుపోయే ట్రైలర్ ఉన్నది పైన ఉండే హోల్గర్ ఒక్కడికే. నాలుగు గుర్రాల ట్రైలర్. కార్చిచ్చు మంట వస్తే హోల్గర్ పైనుంచి మొదలుపెట్టి, దారిలో ఎవరి గుర్రాల్ని వాళ్ళు గేటు దగ్గర పట్టుకుని నిలబడితే ఎక్కించుకుని కింద సంత మైదానంలో దింపి, మళ్ళీ పైకి వచ్చేవాడు. ఎవరూ అడగనక్కర్లేదు, థాంక్స్ చెప్పనక్కర్లేదు. క్రిస్మస్‌కి అతని గుమ్మం ముందు యాపిల్ పెట్టెలు, పొగబెట్టిన మాంసం, మందు సీసాలు కుప్ప పడి ఉండేవి. అంతే లెక్క.

ఆర్డిస్ ఒంటరిగా ఉంటుంది. భర్త రే ఎప్పుడో కంకర లారీ వెంట పోయి ఇంకో రాష్ట్రంలో తేలాడు. వదిలేసి పోయింది ఒక పికప్ ట్రక్కుని, బోలెడన్ని అప్పడాల్లాంటి మాటల్ని. ఆ మాటలు ఆమే చెప్పి నవ్వేది. "రే అబద్ధం చెబితే కరకరలాడేదిరా, పట్టుకుంటే పొడి" అనేది. ఆ తర్వాత రెండు గుర్రాలు పెంచుకుంది. టాన్సీ అని ఎర్రటి ఆడది, ముసలిది. డీకన్ అని నల్లటి మగది, విత్తులు తీసినది. టాన్సీ ఎటు పోతే డీకన్ అటు. అది నీళ్ళు తాగితే వాడూ తాగాలి. అది కంచె అవతల నిలబడితే వాడు గోల పెట్టి కంచె పగలగొడతాడు. రెంటినీ ఏనాడో హోల్గరే తెచ్చి దింపాడు. ఆ తర్వాత అవి ట్రైలర్ మొహం చూడలేదు. ఆమె ట్రైలర్ నడపనూ లేదు, కొననూ లేదు. హోల్గర్ ఉండగా ఎందుకు?

కిందటి ఆగస్టులో మంట పడమటి గట్టు దాటి దిగింది. సర్కారువాళ్ళు దానికో పేరు పెట్టారు. మేమెవ్వరం ఆ పేరు వాడం. ఆగస్టు అంటే చాలు.

ఊళ్ళో చెప్పుకున్న కథ ఇది. హోల్గర్ తన మూడు గుర్రాల్ని ఎక్కించుకుని దిగిపోయాడు. ఆర్డిస్ గేటు దగ్గర ఒక నిమిషం ఆపి "రెండో ట్రిప్పులో వస్తా" అన్నాడు. రాలేదు. షెరీఫ్ పోలీసులు కింద రోడ్డు మూసేశారని చెప్పాడు. నిజమే, మూసేశారు. అయినా రావాలనుకున్నవాడు వచ్చేవాడన్నారు జనం. ఆర్డిస్ గుర్రాలకి తలపట్టీలు తొడిగి, తాళ్ళు పట్టుకుని గేటు దగ్గర నిలబడింది. పొగ ఎక్కువయ్యాక షెరీఫ్ డిప్యూటీ ఒకడు వచ్చి ఆమెని కారెక్కమన్నాడు. మాకు ఇక్కడ ఒక అలవాటుంది. గుర్రాన్ని తీసుకెళ్ళే దారి లేకపోతే, దాని డొక్క మీద రంగుతో ఫోన్ నంబరు రాసి గేటు తీసేస్తాం. బతికితే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ఆర్డిస్ దగ్గర నారింజ రంగు స్ప్రే డబ్బా ఉంది. రెంటికీ రెండు వైపులా రాసింది. ఎవరికైనా దొరికితే పట్టుకోవడానికి వీలుగా ఉంటుందని తలపట్టీలు విప్పకుండా వదిలింది. గేటు తీసింది.

డీకన్ వారం తిరక్కుండా తనంతట తనే వచ్చాడు. పాక కాలిపోయింది, ఇల్లు మిగిలింది. మంట అలాగే చేస్తుంది, దానికి న్యాయం ఉండదు. వాడు బూడిదలో గేటు దగ్గర నిలబడి ఉన్నాడు, డొక్క మీద నంబరు నిన్న రాసినట్టు మెరుస్తూ.

టాన్సీ గురించి ఫోన్ వచ్చింది. అవతలి లోయలో ఒక రైతు. "అమ్మా, ఈ నంబరు మీదేనా?" అని అడిగి, అవునన్నాక మెల్లిగా చెప్పాడట. కంచె మూలలో తలపట్టీ రింగు ఇనుప గుంజకి తగులుకుని ఉంది. విడిపించుకోవాలని చాలా పెనుగులాడింది. నైలాన్ పట్టీ కరిగి మొహానికి అంటుకుపోయింది. నేను చూడలేదు. దాన్ని పూడ్చడానికి గుంత తవ్విన యంత్రం నడిపినవాడు చెప్పాడు. చెప్పకుండా ఉంటే బాగుండేది.

ఆ చలికాలమంతా హోల్గర్ దాణా అమ్మే ఫీడ్ స్టోర్‌లోకి అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి. బయటికి పోతుంటే వెనక నుంచి ఎవడో ఒకడు "రెండో ట్రిప్పు ఎప్పుడు హోల్గర్?" అనేవాడు. జనం నవ్వేవాళ్ళు. క్రిస్మస్‌కి అతని గుమ్మం ముందు మంచు తప్ప ఏమీ లేదు.

అందుకే ఆర్డిస్‌కి ట్రైలర్ కావాలి. మళ్ళీ ఎండలు ముదిరేలోగా, గడ్డి ఎండేలోగా. మిగిలిన డీకన్‌ని తన చేత్తో లోయ దాటించాలి. ఇంకొకరి మీద ఆధారపడి గేటు దగ్గర నిలబడకూడదు. అంతకుమించి ఆమె దేని గురించీ మాట్లాడేది కాదు.

పాత ట్రైలర్లు అమ్మేవాళ్ళు ఒక రకం మనుషులు. "మా అమ్మాయి గుర్రం ఎక్కింది, రెండుసార్లే" అంటారు. లోపల పేడ గట్టిపడి రాయిలా ఉంటుంది. ఒకతను బ్రేకులు ఉన్నాయన్నాడు. ఉన్నాయి, వైర్లు లేవు. ఇంకొకతని ట్రైలర్‌లో కందిరీగలు గూడు పెట్టుకున్నాయి. నేను అరుస్తూ బయటికి దూకితే ఆర్డిస్ అక్కడే నిలబడి, "నేల బాగానే ఉంది, పైకప్పే పొట్టి. డీకన్ తల తగుల్తుంది" అంది, చెవి వెనక కందిరీగ కుట్టినచోట నలుపుకుంటూ. ఒక ముసలామె ట్రైలర్ నిజంగా బాగుంది. అన్నీ చూసి, ధర కుదిరి, చివరికి ఆర్డిస్ "ఎందుకమ్ముతున్నారు?" అని అడిగింది. "మా ఆయన దీన్ని వెనక్కి తిప్పుతూ గుర్రం మీదికి ఎక్కించేశాడు" అంది ముసలామె. ఆర్డిస్ వచ్చి పికప్‌లో కూర్చుంది. "పద" అంది. ఆ ట్రైలర్ తప్పేమీ లేదని ఎంత చెప్పినా వినలేదు.

మధ్యలో నేను మా షాపు యజమాని చిన్న ట్రైలర్ తెచ్చి నేర్పించాను. ఆదివారం బడి ముందు ఖాళీ స్థలం. పాల డబ్బాల ప్లాస్టిక్ బుట్టలు వరసగా పెట్టాం. వెనక్కి నడిపేటప్పుడు స్టీరింగ్ ఎటు తిప్పితే ట్రైలర్ దానికి ఎదురు తిరుగుతుంది. బుర్రకి అర్థమైనా చేతులకి కాదు. మొదటిరోజు బుట్టలన్నీ పచ్చడి చేసింది.

"మొత్తం ఒకటో తరగతి పాలన్నీ పారబోశారు మిస్ ఆర్డిస్."

"నోరు మూసుకుని బుట్టలు నిలబెట్టరా వేడ్. కాలేజీలో ఎలాగూ నిలబడలేదు, బుట్టలైనా నిలబెట్టు."

మే నెలకి బుట్టల మధ్యకి సూటిగా దూర్చేది. నడిపే విధానం ఆమే కనిపెట్టింది. వెనక మూతల్లేని సూపు గిన్నెలు పెట్టుకున్నట్టు నడపాలంది. మలుపులో తొణక్కూడదు, బ్రేకు వేస్తే తొణక్కూడదు. నేను చెప్పాలనుకున్న నాలుగైదు మాటలూ దాన్లోనే వచ్చేశాయి.

అదే నెలలో ఫీడ్ స్టోర్ గోడ మీద కాగితం అతికించి ఉంది. నాలుగు గుర్రాల ట్రైలర్ అమ్మకానికి. కింద హోల్గర్ నంబరు. నేను చూసి ఊరుకున్నాను. ఆమే చూసి, కాగితం గోడ మీంచి చింపి జేబులో పెట్టుకుంది, ఇంకెవరూ చూడకుండా.

"అతని దగ్గరా?" అన్నాను.

"ట్రైలర్‌కి చెవులుంటాయా ఎవరిదో తెలుసుకోడానికి? మంచిదైతే చాలు."

హోల్గర్ ట్రైలర్ కడిగి వాకిట్లో పెట్టాడు. డెబ్బై దాటిన మనిషి, తాటిచెట్టులా పొడుగు, ఇప్పుడు మధ్యలో వంగాడు. గుర్రాలు లేవు. అమ్మేశాడట. పికప్ దిగిన ఆర్డిస్‌ని చూసి టోపీ తీశాడు.

"డబ్బు మాట ఎత్తకు ఆర్డిస్. తగిలించుకుని తీసుకుపో. నేనింక ఎవరివీ దింపను."

"ఊరికే ఇమ్మని అడిగానా? చాపలు ఎత్తు."

హోల్గర్ నాకేసి చూశాడు. నేను వెళ్ళబోతే ఆర్డిస్ చెయ్యి అడ్డం పెట్టింది. ముసలాయన ఒక్కడే చాపలు ఒక్కొక్కటి ఎత్తి గోడకి నిలబెట్టాడు. మోకాళ్ళు టకటకమన్నాయి. ఆమె కత్తి తీసి ప్రతి చెక్కా, ప్రతి మూలా పొడిచి చూసింది. కత్తి మొన దిగలేదు. లైల్ ట్రైలర్‌లో ఎంత జాగ్రత్తగా చూసిందో ఇక్కడ అంతకన్నా జాగ్రత్తగా చూసింది. నేను బ్రేకులు, లైట్లు, టైర్లు చూశాను. అన్నీ బాగున్నాయి. ఏ ఒక్కటైనా బాగులేకపోతే ఆమెకి హాయిగా ఉండేదేమో అనిపించింది.

చివరి గుర్రం నిలబడే చోటుకి వచ్చి ఆమె లేచి నిలబడింది. పొడవలేదు.

"అది కూడా చూడు" అన్నాడు హోల్గర్. "ఆ రోజు ఖాళీగా ఉన్నది అదే."

ఆమె కత్తి కోటుకి తుడుచుకుంది.

"ఖాళీ అని నీకు తెలుసు కదా?"

"తెలుసు."

"టాన్సీని ఎక్కిద్దాం అన్నాను. అన్నానా లేదా?"

"అన్నావ్."

"నువ్వేమన్నావ్? ఈ కుర్రాడి ముందు చెప్పు."

"విడదీస్తే డీకన్ కంచె మీద పడి చస్తాడన్నాను. రెండిటినీ కలిపే తీసుకెళ్ళు, రెండో ట్రిప్పులో రా అన్నాను."

గుర్రాలు పెంచేవాళ్ళెవరైనా ఆ మాటే అంటారు. జంటని విడదీయకూడదు. ఒకదాన్ని ఎక్కిస్తే రెండోది పిచ్చెత్తిపోతుంది, దానికి కాళ్ళు విరుగుతాయి, పట్టుకున్నవాళ్ళకీ విరుగుతాయి. మామూలు రోజున అది సరైన మాట.

హోల్గర్ నావైపు తిరిగాడు. "విన్నావా అబ్బాయ్? సరిగ్గా వినపడిందా?" మళ్ళీ ఆమెతో, "చలికాలమంతా వాళ్ళు నా వెనక నవ్వారు ఆర్డిస్. ఒకరోజు నువ్వు అక్కడే ఉన్నావ్. దాణా బస్తా పట్టుకుని నిలబడ్డావ్. నా మొహం చూశావ్. ఒక్క ముక్క అనలేదు."

"అనలేదు."

"ఎందుకని?"

"అంటే దాన్ని నేనే చంపినట్టవుతుంది గనక."

"నేను చంపినట్టు ఉంటే పర్లేదా?"

"పర్లేదనిపించింది" అంది ఆర్డిస్. "నీకు వేరే గుర్రాలున్నాయిగా అనుకున్నాను."

ముసలాయన టోపీ పెట్టుకున్నాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. చాపలు మళ్ళీ ఒక్కొక్కటి పరిచి, కాలితో తన్ని సర్ది, బయటికి వెళ్ళి నిలబడ్డాడు. ఆమె డబ్బున్న కవరు ఇస్తే తెరిచి చూడకుండా జేబులో పెట్టుకున్నాడు. మేం ట్రైలర్ తగిలిస్తుంటే రే పికప్‌కి ఉన్న ఇనుప గుండు ట్రైలర్ కొక్కేనికి చిన్నదని తేలింది. చూడ్డానికి పట్టినట్టే ఉంటుంది, కొక్కెం మూత కూడా పడుతుంది. మొదటి గుంటలో ఊడిపోతుంది. హోల్గర్ పాకలోకి వెళ్ళి తన పెద్ద గుండు తెచ్చి, తనే బిగించాడు. బిగించాక ట్రైలర్ ముందుభాగాన్ని జాకీతో పైకి లేపి చూపించాడు, ఊడకుండా పికప్ వెనకభాగం కూడా లేచింది.

"ప్రతిసారీ ఇలా లేపి చూడు. మూత పడిందని నమ్మకు" అన్నాడు నేలకేసి చూస్తూ. ఆ రోజు అతను ఆమెతో అన్న ఆఖరి మాట అదే.

మర్నాడు ఆర్డిస్ ఫీడ్ స్టోర్‌కి వెళ్ళి, జనం ఉన్నప్పుడే, గట్టిగా చెప్పింది. ఒక చోటు ఖాళీగా ఉందని, తనే వద్దందని, హోల్గర్ తప్పేం లేదని. ఒకడు బూట్లు చూసుకున్నాడు. కౌంటర్ దగ్గర మనిషి, "దాణా ఒక బస్తాయేనా, రెండా?" అన్నాడు. ఆ మాట హోల్గర్ దాకా చేరిందో లేదో. అప్పటికే అతను ఆ కొట్టుకి రావడం మానేశాడు.

ఇక డీకన్. ట్రైలర్ కొనడం ఒక పని, గుర్రం దాన్లోకి ఎక్కడం ఇంకో పని. మొదటిసారి కొనేవాళ్ళు అది మర్చిపోతారు. ట్రైలర్ వాకిట్లో ఉంది కదా, ఇంకేం అనుకుంటారు. పొగ కనిపించాక గుర్రం నాలుగు కాళ్ళూ నేలలో పాతుకుంటుంది.

డీకన్ ట్రైలర్‌ని చూసి కళ్ళు తెల్లగా తిప్పాడు. ఆగస్టు తర్వాత వాడు పాకలోకే అడుగు పెట్టలేదు. మంచు పడినా బయటే. ఆర్డిస్ వాణ్ణి లాగలేదు, కొట్టలేదు. ట్రైలర్ తలుపు తెరిచి, దాణా బాల్చీ లోపల పెట్టి, తిండి ఇంక అక్కడే అంది. వాడు కొంగలా మెడ సాచి అందుకోబోయేవాడు, కాలు మాత్రం పెట్టేవాడు కాదు. బాల్చీ రోజూ ఒక బెత్తెడు లోపలికి జరిగేది. ఒక కాలు పెట్టాడు. చెక్క చప్పుడైతే తీసేశాడు. మళ్ళీ పెట్టాడు. ఆమె లోపల తలకిందుల బకెట్ మీద కూర్చుని, ఆ రోజు బడిలో ఏ పిల్లాడు ఏం పారేశాడో వాడికి చెప్పేది. నాలుగు కాళ్ళతో లోపల నిలబడ్డ రోజున కూడా తలుపు వెయ్యలేదు. తిని దిగిపోయాడు. తలుపు వేసిన మొదటిరోజు తన్నిన తన్నుకి ట్రైలర్ వణికింది, పక్కన ఒక సొట్ట పడింది. ఆమె బయట రేకుకి చెయ్యి ఆనించి నిలబడింది, వాడు ఆపేదాకా.

జూన్ చివర్లో వాణ్ణి ఎక్కించి కింద హైవే వంతెన దాకా పోయి వచ్చాం. ఆమే నడిపింది. ఎంత నెమ్మదిగా అంటే వెనక యాపిల్ లారీలు బారులు తీరాయి. ఒకడు హారన్ మోగించి, పక్కనుంచి పోతూ నడివేలు చూపించాడు.

"సూపు తొణికితే వాడొచ్చి తుడుస్తాడా?" అంది రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా.

ఇంటికొచ్చి ముందు తాడు విప్పింది, తర్వాతే వెనక తలుపు తీసింది. డీకన్ చెమటతో తడిసి ముద్దయి దిగాడు. దిగి ఒళ్ళు దులుపుకుని గడ్డి కొరికాడు. ఆమె ట్రైలర్ మెట్టు మీద కూర్చుని రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది. నేను వెళ్ళి కాఫీ పెట్టాను. ఏదో ఒకటి చెయ్యాలి కదా.

గట్టెక్కామనుకున్నాను. జూలైలో తెలిసింది అసలు ఇబ్బంది.

వేసవి సెలవుల్లో కూడా తోటల్లో పనిచేసేవాళ్ళ పిల్లలకి బడిలో భోజనం పెడతారు. ఆర్డిస్ పగలంతా కింద ఊళ్ళో ఉంటుంది. మంటలు పగలే లేస్తాయి, మధ్యాహ్నం గాలితో. రోడ్డు కిందే మూస్తారు. ఆమె ట్రైలర్ పైన, ఆమె గుర్రం పైన, ఆమె కింద సూపు కలుపుతూ. హోల్గర్‌ని ఆపినచోటే ఆమెనీ ఆపుతారు.

నేను అప్పటికి టైర్ల షాపు మానేశాను. కాలిపోయిన కంచెలు మళ్ళీ వేసే పని దొరికింది. రోజంతా లోయలోనే, ఆమె ఇంటికి పైనో కిందో. ఆమె అది గమనించింది. అప్పట్నుంచి పికప్‌ని ట్రైలర్‌కి తగిలించే ఉంచి, తాళంచెవి దాన్లోనే వదిలేసి, తోటి వంటామె కార్లో బడికి పోవడం మొదలుపెట్టింది. సాయంత్రాలు నన్ను పిలిచి డీకన్ తాడు నా చేతికిచ్చేది.

వాడు నాతో ఎక్కలేదు. ఆమె ఈల వేస్తే నడుచుకుంటూ ఎక్కి బాల్చీలో మూతి పెడతాడు. నేను పట్టుకుంటే మెట్టు దగ్గర ఆగి, నన్ను పైనుంచి కిందికి చూస్తాడు. ఆమె మాటలే మాట్లాడాను. ఆమె కోటు వేసుకున్నాను. తలకిందుల బకెట్ మీద కూర్చుని నా కాలేజీ కథంతా చెప్పాను. రెండు కాళ్ళు పెట్టి తీసేశాడు.

"కాలేజీ కథ విన్నాక నాకే దిగిపోవాలనిపించింది" అంది ఆర్డిస్ కంచె దగ్గర్నుంచి.

కొన్ని రోజులకి మూడు కాళ్ళ దాకా వచ్చాడు. ఒకే ఒక్కసారి నాలుగూ పెట్టాడు. మర్నాడు మళ్ళీ ఒకటే.

నిన్న సాయంత్రం పడమటి గట్టు అవతల పొగ కనిపించింది. దూరంగానే ఉంది, సన్నగా ఉంది. గాలి ఇటు లేదు. అయినా లోయలో ప్రతి ఇంటి ముందూ మనుషులు బయటికొచ్చి అటే చూస్తూ నిలబడ్డారు. పైన హోల్గర్ వాకిలి ఖాళీగా ఉంది.

ఆర్డిస్ నాకు బీన్స్, మొక్కజొన్న రొట్టె పెట్టింది. తను తినలేదు. కిటికీలోంచి డీకన్ కనిపిస్తున్నాడు. డొక్క మీద నారింజ రంగు కొత్త వెంట్రుకలతో చాలామటుకు పోయింది, ఒక తొమ్మిది అంకె మాత్రం ఇంకా మిగిలి ఉంది.

"రేపు నేను పొద్దున్నే పోవాలి" అంది. "పొగ లేస్తే నువ్వు ఎవరికోసం ఆగకు. పికప్ సిద్ధంగా ఉంటుంది. జాకీతో లేపి చూడటం మర్చిపోకు. బాల్చీ లోపల పెట్టు. కంగారు పడితే వాడికి తెలిసిపోతుంది, నెమ్మదిగా ఉండు."

"ఎక్కుతాడులెండి మిస్ ఆర్డిస్."

"ఎక్కకపోతే?"

నేను రొట్టె నమిలాను.

"ఎక్కకపోతే గేటు తియ్యొద్దురా. నంబరు రాయొద్దు. నాకు ఇంకెవరూ ఫోన్ చెయ్యకూడదు. వంటింటి తలుపు వెనక రైఫిల్ ఉంది, తూటాలు పైన బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. నన్ను అడుగుదామని ఆగకు, నీ ప్రాణం మీదికి తెచ్చుకోకు. దగ్గరికెళ్ళి, మెడ మీద చెయ్యేసి, కాసేపు ఏదో ఒకటి మాట్లాడు. కానీ ముందు వాడి తలపట్టీ విప్పెయ్యి. వింటున్నావా వేడ్? మిగతావన్నీ తర్వాత. ముందు ఆ పట్టీ విప్పెయ్యి."